తగలకముందే జారాలి

మా మనవరాలు తలకు దెబ్బ తగిలించుకుని కుప్పం నుంచి ఇంటికొచ్చిన పూట నేను దొడ్లో పేడ ఎత్తుతున్నాను. నా కొడుకు కారు మాట్లాడుకుని వెళ్ళి తీసుకొచ్చాడు. బస్సుండగా కారెందుకని అడగబోయి, పిల్ల ముఖం చూసి ఊరుకున్నాను. తన కాళ్ళ మీద తనే నడిచి వచ్చింది గానీ ఎండకు చేయి అడ్డం పెట్టుకుంది. వెలుతురు కళ్ళలో గుచ్చుకుంటోందట. పొద్దున ఏం తిన్నావని అడిగితే కాసేపు ఆలోచించి చెప్పింది. ఆలోచించి మాట్లాడే అలవాటు ఆ పిల్లకు ఎన్నడూ లేదు. నాకు అప్పుడు వేసింది భయం.

మాది మదనపల్లె పక్కన పల్లె. టమోటా పెడతాం, ఆవులున్నాయి. మనవరాలు కుప్పంలో హాస్టల్లో ఉండి ఇంజనీరింగు చదువుతోంది. అక్కడ ఏదో బంతాట ఆడుతోందని తెలుసు. కాలితో తన్నే ఆట అనుకున్నాను. అది వేరు, ఇది అమెరికా ఫుట్‌బాల్ అని ఆ వారమే తెలిసింది. బంతి బొప్పాయి కాయలాగా కోలగా ఉంటుంది. రెండు జట్లు ఎదురెదురుగా వంగి నిలబడతాయి. బంతి ముందుగా, వెనక నిలబడ్డ ఒకరి చేతికి వస్తుంది. ఆ ఒకరిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. ఆమె దాన్ని దూరంగా ఉన్న తనవాళ్ళకు విసరాలి, వీలుకాకపోతే చంకలో పెట్టుకుని తనే పరుగెత్తాలి. నిలబడి విసిరేవాళ్ళు కొందరైతే, పరుగెత్తేవాళ్ళు కొందరు. మా పిల్ల క్వార్టర్‌బ్యాకే, పరుగెత్తే రకం. ఆమెను పట్టి నేలకు పడేయడమే అవతలి జట్టు పని. తలకు హెల్మెట్, భుజాలకు గట్టి మెత్తలు తొడుక్కుంటారు. ఎన్ని తొడుక్కున్నా లోపల ఉండేది మనిషి తలే కదా.

మదనపల్లెలో డాక్టరు చూశాడు. పరీక్షలు చేయించి, తల లోపల ఏమీ చెడిపోలేదన్నాడు. నొప్పి పూర్తిగా పోయేదాకా ఫోను, చదువు, పరుగు ఏదీ వద్దన్నాడు. ఇది మానకముందే ఇంకోటి తగిలితే చాలా ప్రమాదమనీ, మానిన తర్వాత కూడా మళ్ళీ మళ్ళీ తగలనివ్వకూడదనీ గట్టిగా చెప్పాడు.

ఇంటికి రాగానే కోడలు తేల్చేసింది, ఆట బంద్ అని. నా కొడుకు ఎప్పటిలాగే నా వైపు చూశాడు. మా ఇంట్లో నారు ఎక్కడ కొనాలన్న దాని నుంచి ఏ ఆవును అమ్మాలన్న దాని దాకా చివరి మాట నాది.

"మీరే సెప్పండత్తా," అంది కోడలు. "కాలో సెయ్యో ఇరిగితే కట్టు కట్టిస్తాం. తలకాయకు యాడ కట్టిస్తాం కట్టు?"

ఆమె అన్నది నిజమే. అయినా సరేనని వెంటనే అనలేదు.

ఎందుకంటే ఆ పిల్ల పరుగు నేను చూసి ఉన్నాను. హైస్కూలు చదువు పుంగనూరులో చదివింది. అక్కడ కబడ్డీ జట్టులో ఎదుటివాళ్ళ వైపుకు కూతకు వెళ్ళేది ఈమే. పోటీలున్నప్పుడల్లా రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి మూటగట్టుకుని బస్సెక్కేదాన్ని. బయట తిండి కొనడం నాకు నచ్చదు. ఆ మైదానం పక్కన గోడ నీడలో కూర్చుని చూసేదాన్ని. ఇంట్లో చెంబెడు నీళ్ళు తెమ్మంటే పదిసార్లు పిలిపించుకునే పిల్ల, అక్కడ నలుగురు నడుము పట్టుకున్నా వాళ్ళను ఈడ్చుకుంటూ వచ్చి నడిమి గీత మీద వేలు మోపేది. లేచి దుమ్ము దులుపుకుని, చూశావా అన్నట్టు నా వైపు చూసేది. నేను మెచ్చుకునేదాన్ని కాను. మోకాలు చీరుకుంది, పసుపు రాసుకో అనేదాన్ని.

నాకు ఏదీ పారేయడం చేతకాదు. చిరిగిన చీర బొంతలోకి పోతుంది, బియ్యం కడిగిన నీళ్ళు ఆవు కుడితిలోకి పోతాయి. అన్నేళ్ళు కాళ్ళకు నేర్పుకున్నదాన్ని ఒక్క దెబ్బకు పారేయమనడానికి నోరు రాలేదు. అట్లాగని తల పగలగొట్టే పనిని ఇంట్లో పెట్టుకోవడం ఏం పొదుపు? నాకు ముందు ఒక సంగతి తెలియాలి. ఆ దెబ్బ ఆటలోనే ఉందా, పిల్ల ఆడే తీరులో ఉందా? ఆటలోనే ఉంటే మానేయాలి. తీరులో ఉంటే తీరు మార్చుకోవాలి.

నొప్పి పోయి, డాక్టరు ఇక ఫోను చూడొచ్చన్న తర్వాత ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఆ రోజు ఆట చూపించమన్నాను. ఎవరో ఫోనులో తీసి పెట్టారు. దెబ్బ తగిలిన ముక్కను మళ్ళీ మళ్ళీ వేయించాను. కోడలు వంటింట్లోంచి వింటోంది, చూడనంది.

బంతి చంకలో పెట్టుకుని మా పిల్ల కుడి పక్కకు పరుగెత్తింది. అక్కడ మైదానం అంచున తెల్ల గీత ఉంది. గీత దాకా వెళ్ళి, దాటకుండా, టక్కున లోపలికి తిరిగింది. లోపల ఇద్దరు కాచుకుని ఉన్నారు. ఒకామె నడుము పట్టింది. అప్పుడు మా పిల్ల బంతి ఉన్న చేతిని ముందుకు చాపి, తల ముందుపెట్టి నేల మీదికి దూకింది. సరిగ్గా అప్పుడే ఇంకొకామె భుజం వచ్చి హెల్మెట్‌కు కొట్టుకుంది.

"ఆ గీత దాటుంటే ఏమయ్యేది?" అని అడిగాను.

"ఆట ఆడికే ఆగిపోతాది. ఎవురూ తాకకూడదు."

"మరి యాల దాటలేదు?"

పిల్ల ఫోను వైపే చూస్తూ, "కాళ్ళు పోలేదవ్వా," అంది. "గీత దాటితే అవుటే కదా కబడ్డీలో."

నాకు అప్పుడు ఆ చాచిన చెయ్యి కూడా అర్థమైంది. ఎంతమంది పట్టుకున్నా నడిమి గీతను వేలి కొస తాకితే బతికినట్టే, పట్టుకున్నవాళ్ళే బయటికి పోవాలి. పుంగనూరులో ఆ వేలి కొస కోసమే మేమంతా అరిచేవాళ్ళం. ఈ ఆటలో కూడా చెయ్యి దానంతట అదే చాచుకుపోతోంది. చేతి వెనకాలే తల పోతోంది.

ఇది వాళ్ళ కోచ్ మొదటి రోజు నుంచీ చెబుతున్న మాటేనట.

"సారు రోజూ అరస్తానే ఉంటాడు, కబడ్డీ వదులు మే, కబడ్డీ వదులు అని. బుర్రకు తెలుసవ్వా. కాళ్ళకే తెలీలే."

కాళ్ళకు తెలిస్తే దెబ్బ తప్పుతుందా అని అడిగాను. అన్నీ తప్పవు, చాలా మటుకు తప్పుతాయని చెప్పింది. అంచు దగ్గరుంటే గీత దాటేయాలి. పరుగు మొదలు పెట్టకముందే మీదికి వస్తే, బంతిని ఎవరికీ అందకుండా బయటికి విసిరేసి బతకాలి. మైదానం నడుమ ఉంటే కాళ్ళు ముందుకు పెట్టి నేల మీద జారాలి. అట్లా జారినామెను కొట్టకూడదని నియమం. జారడం మొదలుపెట్టిన చోటే బంతి ఆగినట్టు లెక్క. అయితే ముందుగా జారాలి. ఎదుటామె దూకేసిన తర్వాత జారితే ఆమెకూ ఆగడం చేతకాదు, నియమం ఉన్నా దెబ్బ దెబ్బే.

నేను కోచ్‌కు ఫోను చేయించాను. బెంగుళూరు పక్క ఈ ఆట నేర్చుకుని వచ్చినాయన, మాట నెమ్మది. డాక్టరు రాసిస్తేనే మైదానంలోకి రానిస్తాననీ, జారడం వస్తేనే పోటీలో దించుతాననీ ఆయనే ముందుగా అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. ఎట్లా జారాలో ఫోనులో పంపించమన్నాను.

కోడలితో చెప్పాను, ఈ వేసవి సెలవులు నాకివ్వు అని. ఆమె చేతిలోని చేట విసురుగా కింద పెట్టి దొడ్లోకి పోయింది.

డాక్టరు మొదట నడవనిచ్చాడు, తర్వాత పరుగెత్తనిచ్చాడు, చివరకు ఆటకు సరేనని కాగితం రాసిచ్చాడు. టమోటా పెరికేసిన మడి ఖాళీగా ఉంది. పొయ్యి బూడిదతో దాని అంచున గీత గీశాను. ముగ్గుపిండి దేనికి దండగ? చింతపండు ఎండబెట్టే ప్లాస్టిక్ పట్ట తెచ్చి నడుమ పరిచాను. బట్టలుతికిన సబ్బునీళ్ళు రోజూ అరటిచెట్లకు పోసేవి, ఇప్పుడు పట్ట మీద పోయించాను.

మొదట్లో ఆ పిల్ల పట్ట దాకా పరుగెత్తుకొచ్చి, ఆగి, భోజనానికి కూర్చున్నట్టు కూర్చునేది. నవ్వొచ్చినా నవ్వలేదు. కోచ్ పంపినట్టు ఒక కాలు మడిచి కింద పెట్టాలి, రెండోది చాచాలి, గడ్డం రొమ్ముకు ఆనించాలి, బంతిని రెండు చేతులా హత్తుకోవాలి. చేతులు వెనక్కి ఆనిస్తే మణికట్టు పోతుంది. చెయ్యి ఆనించినప్పుడల్లా మళ్ళీ మొదటి నుంచి పరుగెత్తించాను.

జారడం వచ్చిన తర్వాత అసలు పని మొదలైంది. పాత బొంతను బిగించి చుట్టి తాడు కట్టాను. నేను దాన్ని పట్టుకుని ఎదురుగా నిలబడతాను. పిల్ల పరుగెత్తుకొస్తుంది. బొంత తగలకముందే జారాలి. గీత దగ్గరుంటే దాటాలి. నేను "కూర్చో" అని కేక వేస్తే చక్కగా జారేది. కొన్నాళ్ళకు, ఇది నా కేక కోసమే కాచుకుంటోందని తెలిసింది. కుప్పంలో నా కేక ఎవరు వేస్తారు? ఆ రోజు నుంచి నోరు మూసుకున్నాను. నోరు మూయగానే పిల్ల మళ్ళీ పాత కబడ్డీకి పోయింది. చెయ్యి చాచింది, తల ముందుకొచ్చింది. బొంతతో నెత్తిన ఒకటేశాను.

"అవ్వా, ఇంగ రెండడుగులు పోయుంటే నిన్ను దాటేసేదాన్ని."

"ఆ రెండడుగులు ఇంగొకసారి పో. తలకాయ ఇంగొకసారి రాదు."

టమోటా బండ్ల మీద మార్కెట్టుకు పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. సోమల నుంచి వచ్చే ఒకాయన, మనవరాల్ని పట్ట మింద ఆరేస్తాండావా అమ్మా అని అడిగాడు. బాగా ఆరినాక నీకూ ఒక పిడికెడు పంపిస్తాలే అప్పా అన్నాను. ఆయన బండి మలుపు తిరిగేదాకా నవ్వుకుంటూ పోయాడు.

నా మోకాళ్ళు ఎంత మాత్రం? నేను కదిలేలోపు పిల్ల పక్కనుంచి పోయేది. నన్ను తప్పించుకోవడం నేర్చుకుంటే ఏం లాభం? అదే ఆలోచిస్తూ ఒక పొద్దున నిలబడి ఉంటే, కోడలు పాలచెంబు గట్టున పెట్టి మడిలోకి వచ్చింది. చీరకొంగు నడుముకు దోపింది.

"మీరు నిదానమత్తా. ఇట్లియ్యండి దాన్ని."

ఇచ్చాను. ఆమె బొంత ఎత్తుకుని కూతురి మీదికి పరుగెత్తింది చూడండి, నేనే ఒకడుగు వెనక్కి వేశాను. ఆ ఊపులో నేర్పడం కొంత ఉంది, కోపం కొంత ఉంది. పిల్ల చాలా ముందుగానే జారిపోయింది. బొంత గాలిని కొట్టింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు గానీ నవ్వలేదు. కోడలు వెనక్కి వెళ్ళి మళ్ళీ నిలబడి, రా అంది. ఆ తర్వాత సెలవులు అయ్యేదాకా పొద్దునపూట పాలు పిండింది నేను, మడిలోకి వెళ్ళింది ఆమె.

పిల్ల కుప్పం బయలుదేరే ముందు నేను ఒక్కటే మాట చెప్పాను. కోడలు, కొడుకు కూడా అక్కడే ఉన్నారు.

"మొదటి పోటీ సూడడానికి నేనొస్తా. తప్పించుకోగలిగే దెబ్బ తిన్నావంటే ఆ టోపీ నాకు తెచ్చి ఇయ్యాల. నేనడగను. నీకే తెలస్తాది. నువ్వే తేవాల."

హెల్మెట్‌ను నేను టోపీ అనే అంటాను. పిల్ల సరేనంది. కోడలు నా వైపు చూసి, మాట మాటే కదా అత్తా అని అడిగింది. మాట మాటే అన్నాను.

పోటీ రోజు మొదటి బస్సుకే బయలుదేరాను. పుంగనూరు దాటేటప్పుడు కబడ్డీ ఆడిన మైదానం వైపు చూశాను, గోడ మాత్రం కనిపించింది. కుప్పంలో దిగి, సంగటి మూట పట్టుకుని కాలేజీకి వెళ్ళాను. కోచ్ నాకు కుర్చీ వేయించాడు. బెంగుళూరు నుంచి వచ్చిన జట్టు పిల్లలు ఒక్కొక్కరు దుక్కల్లా ఉన్నారు. హెల్మెట్లు పెట్టుకున్న తర్వాత మా పిల్ల ఏదో నడకను బట్టి పోల్చుకున్నాను.

మొదట బంతి తీసుకుని పక్కకు పరుగెత్తింది. గీత వచ్చింది. దాటేసింది. పక్కనే ఆగి వెనక్కి తిరిగి, తను గీత అవతల ఉన్నానా అని కాళ్ళు చూసుకుంది. ఇంకోసారి మీదికి ముగ్గురు వచ్చేసరికి బంతిని బయటికి విసిరేసింది. వెనక కూర్చున్న కుర్రాళ్ళు భయపడిందని ఎగతాళి చేశారు. నేను వాళ్ళ వైపు తిరిగి చూశాను, ఊరుకున్నారు.

తర్వాత నడిమధ్యన దారి దొరికి చాలా దూరం పరుగెత్తింది. ఎదురుగా ఒకామె వస్తోంది. ఇప్పుడు జారాలి అని నా ఒళ్ళంతా చెబుతోంది. పిల్ల జారలేదు. ఒక అడుగు, ఇంకో అడుగు ఆశపడింది. జారేసరికి ఆమె దూకేసింది. ఆమె భుజం వచ్చి మా పిల్ల భుజానికి తగిలింది. ఆ చప్పుడు నా కుర్చీ దాకా వినిపించింది. రెఫరీ పసుపుగుడ్డ విసిరాడు. తప్పు బెంగుళూరు జట్టుదని, శిక్షగా బంతిని ఇంకా ముందుకు జరిపారు. అందరూ చప్పట్లు కొట్టారు. మా పిల్ల లేచి భుజం తిప్పి చూసుకుంది, తల ఆడించి చూసుకుంది. కోచ్ లోపలికి పిలిపించి, వాళ్ళ వైద్యం చూసే ఆమెతో చూపించి, బాగుందన్న తర్వాతే పంపించాడు.

విరామంలో మైదానం చుట్టూ కట్టిన తాడు దగ్గరికి వెళ్ళాను, పిల్ల వచ్చింది.

"తప్పు ఆయమ్మిదేనవ్వా," అంది నేను నోరు తెరవకముందే.

"తప్పు ఆయమ్మిది. మెడ ఎవురిది?"

తల దించుకుంది. నీళ్ళిచ్చి వచ్చేశాను.

చివరికి వచ్చేసరికి మావాళ్ళు కొంచెం వెనకబడి ఉన్నారు. ఆఖరి గీత దాటిస్తే గెలుపు. అంతగా దగ్గరికి వచ్చారు. బంతి మా పిల్ల చేతికొచ్చింది. విసరడానికి చూసింది, ఎవరూ ఖాళీగా లేరు. పరుగెత్తింది. నేను కుర్చీలోంచి లేచాను. అటొకరు ఇటొకరు, ఇద్దరు ఆమె మీదికి కలుస్తున్నారు. గీత ఆ ఇద్దరి అవతల, చాచిన చెయ్యంత దూరం. పుంగనూరులో అయితే ఆ చెయ్యి ఎప్పుడో చాచుకుని ఉండేది. దాచడమెందుకు, నా చెయ్యి కూడా ముందుకు లేచింది. ఒక్క టమోటా కింద పడినా ఏరుకునే మనిషిని, అంత దగ్గర గెలుపును వదలమని నా ప్రాణం ఒప్పుకోలేదు. నోరు మాత్రం తెరవలేదు.

మా పిల్ల కాలు మడిచి జారిపోయింది. ఆ ఇద్దరూ ఆమె మీదుగా దూకి ఒకరికొకరు తగులుకుని పడ్డారు. ఆమె బంతిని హత్తుకుని, గడ్డం రొమ్ముకు ఆనించి, గీతకు ఇవతల కూర్చుని ఉంది.

మైదానమంతా ఉసూరుమంది. ఇంకొక్క ప్రయత్నం మిగిలింది. ఈసారి బంతిని వేరే పిల్ల తీసుకెళ్ళింది. గీత దగ్గరే ఆపేశారు. ఓడిపోయారు.

జట్టు పిల్లలు సామాన్లు సర్దుకుంటున్నారు. వాళ్ళలో ఒకామె, నీ కబడ్డీ చెయ్యి యాడ పోయింది మే అని దెప్పింది. మా అవ్వ మూటలో ఉండాది, పోయి అడుగు అంది మా పిల్ల. కోచ్ ఆమె హెల్మెట్ మీద తట్టి, ఏదో చెప్పి వెళ్ళాడు.

అప్పుడు కోడలు ఫోను చేసింది. ఎవరు గెలిచారని అడగలేదు.

"తలకాయత్తా?"

"బాగుండాది. తాకనీలేదు."



పిల్ల నా ముందుకు వచ్చి నిలబడింది. మోచేతి నిండా మట్టి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. హెల్మెట్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"ఆ భుజం దెబ్బ తప్పించుకోగలిగిందే అవ్వా. ముందే జారుండాల్సింది. మాట మాటే కదా."

నేనడగలేదు. తనే తెచ్చింది. హెల్మెట్ నేననుకున్నదానికన్నా బరువుగా ఉంది. లోపల మెత్తలు చెమటకు తడిసి ఉన్నాయి. మాట ప్రకారం దాన్ని మూటలో కట్టుకుని బస్సెక్కాలి. ఇంట్లో కోడలికి అదే చెప్పి వచ్చాను. ఆ భుజం దెబ్బ గురించి కోడలికి చెప్పకుండా ఉండనని కూడా అప్పుడే అనుకున్నాను.

అయితే ఆ దెబ్బ తర్వాత ఈ పిల్ల ఏం చేసిందో నా కళ్ళతో చూశాను. నా కేక లేకుండా, చెయ్యంత దూరంలో గెలుపు పెట్టుకుని కూర్చుంది. ఆ పని నాకు చేతనయ్యేది కాదేమో. అంత నేర్చుకున్నదాన్ని ఇప్పుడు పారేస్తే అంతకన్నా దండగ ఉండదు. ఇంటికి వెళ్ళి కోడలికి ఉన్నదున్నట్టు చెబుతాను, ఒప్పిస్తాను.

కొంగుతో హెల్మెట్ మీద మట్టి తుడిచి తిరిగి చేతికిచ్చాను.

"కడుక్కో. ఎండితే పోదు. పట్ట, బొంత వచ్చే వారం మీ నాయన చేత పంపిస్తా. బట్టలుతికినాక సబ్బునీళ్ళు పారబోయాకు."

పిల్ల హెల్మెట్ చంకలో పెట్టుకుని, సంగటి ఉందా అవ్వా అని అడిగింది. మూట విప్పాను.